స్విచ్చర్ కేసులో నా వాంగ్మూలం

మన ఇల్లు, పై అంతస్తు
నవంబరు 12, మంగళవారం ఉదయం

చిరంజీవి చెల్లెలికి,

అన్నయ్య దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నీ మోకాళ్ళు, మన చిన్న చెల్లెలి రక్తపోటు, దాని మొగుడైన మా బావగారి గాంభీర్యం అన్నీ కుదురుగా ఉన్నాయని తలుస్తాను. మర్యాదకు రాయవలసిన నాలుగు ముక్కలూ అయిపోయాయి కనుక అసలు విషయానికి వస్తాను.

నువ్వు సంచీ సర్దుకుని చిన్నదాని ఇంటికి వెళ్ళి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో నాకు ఫోను చేసింది బావగారొక్కరే. ఈ వయసులో రిమోట్ల మీద పంతాలెందుకు బావా, చెల్లెలికి ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి అన్నారు. అంటే రిమోట్ నేనే నొక్కానని తీర్పు ఇచ్చేశారన్నమాట. సాక్షిని పిలిచింది లేదు, పెట్టె చూసింది లేదు. చిన్నది టీవీ ఆన్ చేసి, ఛానెల్ పెట్టి, సౌండు కూడా సరిచేసి ఇస్తే తప్ప చూడని మనిషి నాకు రిమోట్ల గురించి హితబోధ చేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఫోనులో జవాబు చెప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో ఊళ్ళోవాళ్ళ ప్రూఫులన్నీ దిద్దినవాణ్ణి. కాగితం మీద లేని మాటను నేను లెక్కలోకి తీసుకోను. కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు. మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళకు.

నువ్వు చిన్నదానికి కథ మధ్యలోంచి చెప్పి ఉంటావు. నేను మొదటినుంచి చెబుతాను. మన టీవీ వెనక మూడు సాకెట్లు. ఒకటి కొన్ననాడే పనిచేయలేదు. రెండోదాన్ని నువ్వు నీ వీసీఆర్ తీగ పీకి, పెట్టి, పీకి, పెట్టి వదులు చేసేశావు. నువ్వూ పీకావుగా అన్నయ్యా అంటావు. నేను పీకితే సిరంజి తీసినట్టు ఉంటుంది. ఇన్నేళ్ళు నర్సుగా చేసినదానివి, నువ్వు మాత్రం కలుపు పీకినట్టు పీకుతావు. ఇక మిగిలింది ఒక్క సాకెట్టు. దానికి ముగ్గురు హక్కుదారులు. వార్తలకూ వంటలకూ ఛానెళ్ళ డబ్బా, నీ పాత క్యాసెట్లకు వీసీఆర్, నా సాహిత్య ప్రసంగాలకు డిస్కు ప్లేయరు. నేనొక ప్రసంగం వినాలంటే టీవీ బల్లను గోడనుంచి జానెడు జరిపి, టార్చిలైటు నోట కరిచి, చెయ్యి వెనక్కి దూర్చి తడుముకోవాలి. ఎనభై నాలుగేళ్ళవాడు చేయవలసిన విన్యాసాలు కావు.

అందుకే మెకానిక్‌ను పిలిచాను. పిలిచింది నేనేనని ఒప్పుకుంటాను. ఇద్దరు మనుషులకు మూడు యంత్రాలెందుకు, ఆ ప్రసంగాల్లో చెప్పేదంతా నీ పుస్తకాల్లో ఉన్నదేగా అన్నావు నువ్వు. చదివినవాడు వినకూడదని ఎక్కడుందో చెప్పు.

అతను స్విచ్చర్ తెచ్చాడు. సబ్బుపెట్టె అంత ఉంది. వెనక లోపలికి మూడు దారులు, బయటికి ఒకటి. మూడు యంత్రాల తీగలూ దానికి గుచ్చి, బయటికి వచ్చే ఒక్క తీగను టీవీ సాకెట్టులో పెట్టాడు. నీ వీసీఆర్ పాతకాలపుది, దాని భాష కొత్త టీవీకి అర్థం కాదని మధ్యలో దుబాసీలాంటి డబ్బా ఇంకొకటి తగిలించాడు. పెట్టె ముందు మూడు దీపాలు, ఒక మీట. చేతికి బిస్కెట్టంత రిమోట్. ఒకటి నొక్కితే ఛానెళ్ళు, రెండు వీసీఆర్, మూడు డిస్కు. ఇక జన్మలో తీగ పీకక్కర్లేదు తాతగారూ అన్నాడు. నిన్నేమో అమ్మగారూ అన్నాడు. మా ఇద్దరికీ నాలుగేళ్ళే తేడా అని చెప్పాను. జుట్టు చూసి అనలేదండీ, గొంతు విని అన్నాను అన్నాడు. నువ్వు నవ్వావు. ఆ నవ్వును కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఆ పెట్టెకు ఒక దుర్గుణం ఉంది. ఏ యంత్రం కొత్తగా మేలుకుంటే తెరను దానికి అప్పగించేస్తుంది. మెకానిక్ ఇదేదో గొప్పగా చెప్పాడు. మీరు నొక్కే పని కూడా లేదండీ, ఎవరు లేస్తే వాళ్ళకే తెర అన్నాడు. మొదటి వారంలోనే దాని నిర్వాకం చూశాను. నేను గంటన్నర ప్రసంగంలో చివరి పది నిమిషాలకు వచ్చేసరికి, ఛానెళ్ళ డబ్బా ఎవరూ లేపకుండానే నిద్ర లేచింది, పెట్టె అటు తిరిగింది, తెర మీద ఎవరో వంకాయలు తరుగుతున్నారు. పాపం, దానికీ విసుగొచ్చినట్టుంది అన్నావు నువ్వు. అది నాకు జరిగితే హాస్యం. నీకు జరిగేసరికి ఇల్లు విడిచి వెళ్ళవలసినంత ఘోరం.

ఇక ఆ గురువారం. నీ దగ్గర నర్సింగు నేర్చుకున్న తొమ్మిది మంది వచ్చారు. ఒకావిడ ఇప్పుడు మేట్రన్ అట. నా పడక కుర్చీని నన్నడగకుండా మూలకు జరిపారు. నా పుస్తకాల దొంతరల మీద చేతిసంచులు పెట్టారు. నేనేమో పేపరు పట్టుకుని వెనక కూర్చున్నాను. నువ్వు నీ వీడ్కోలు సభ క్యాసెట్టు పెట్టావు. ఇరవై రెండేళ్ళ నాటిది. అందులో నువ్వు మైకు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నావో లేదో, తెర మీద బాత్రూం టైల్సు తోముతూ పళ్ళికిలించే మనిషి ప్రత్యక్షమయ్యాడు. ఎవరో కిసుక్కుమన్నారు. నువ్వు లేచి పెట్టె మీట నొక్కి మళ్ళీ నిన్ను తెచ్చుకున్నావు. రెండు నిమిషాలైందో లేదో, ఎక్కడో వాయుగుండం. మళ్ళీ లేచావు. మూడోసారి ట్రాక్టరు. అప్పుడందరూ పైకే నవ్వారు. అప్పట్లో మేడమ్ మనల్ని మాట్లాడనిచ్చేవారు కాదు, ఇప్పుడు టీవీ మేడమ్‌ని మాట్లాడనివ్వడం లేదు అంది మేట్రన్. నువ్వు నవ్వలేదు. టీవీ ఆపేశావు. వాళ్ళకు టీ ఇచ్చావు. నాకు ఇవ్వలేదు. మర్నాడు పొద్దున్నే చెప్పులు వేసుకుంటూ, ఆ రోజూ అంతే, ఈ రోజూ అంతే అన్నయ్యా అన్నావు. మెట్లు దిగి వెళ్ళిపోయావు.

నన్నొక్క ప్రశ్న అడగలేదు. దొంగను కూడా ముందు అడుగుతారు.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నువ్వు వెళ్ళాక వచ్చిన మొదటి సోమవారమే మెకానిక్‌ను మళ్ళీ పిలిపించాను. ఛానెళ్ళ డబ్బా రోజుకు నాలుగైదుసార్లు తనంతట తాను మేలుకోవడం నిజమేనా అని అడిగాను. నిజమే అన్నాడు. అప్పుడు పెట్టె అటు తిరగడం దాని స్వభావమేనా అన్నాను. స్వభావమే అన్నాడు. ఆ ముక్క రాసి సంతకం పెట్టమన్నాను. ఇదేంటండీ, కోర్టుకా అన్నాడు. చెల్లెలికి అన్నాను. అయితే కోర్టే నయం అన్నాడు. కాగితం ఈ ఉత్తరంతో జతచేశాను. అందులో ఆరు తప్పులున్నాయి. సాక్ష్యం కాబట్టి దిద్దలేదు.

ఇక నువ్వు తవ్విన 'ఆ రోజు' సంగతి. నాకు ఎత్తాలని లేదు. నువ్వే ఎత్తావు.

నాన్న పోయిన ఏడాది ఇద్దరి చదువూ సాగదని తేలితే, కాలేజీ మానేసి ప్రెస్సులో చేరినవాణ్ణి నేను. నర్సింగు స్కూల్లో చేరినదానివి నువ్వు. దానికి నాకు బాధ లేదని అప్పుడే చెప్పాను, ఆ తరువాత కూడా చాలాసార్లు చెప్పాను. నీ శరీరశాస్త్రం పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. పొద్దున్నే పనికి పోయేముందు నిఘంటువు పెట్టుకుని నీకు ఒక్కొక్క ఎముకా అర్థం చెప్పాను. రెండువందల ఆరూ నీతోపాటు నాకూ వచ్చేశాయి. ఇప్పుడు ఏది నొప్పి పెట్టినా పేరుపెట్టి పలకరించగలను.

నీ వీడ్కోలు సభకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. ముందు వరుసలో మూడో కుర్చీ. నువ్వు ఒక్కొక్కరికీ కృతజ్ఞత చెబుతున్నావు. సూపరింటెండెంటు, ముగ్గురు మేట్రన్లు, జీతాల గుమాస్తా, మందుల గది ఆయన, లిఫ్టు నడిపేవాడు. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. పంతొమ్మిదో పేరు లాండ్రీ అతనిది. దుప్పట్లు తెల్లగా ఉతికాడట. మంచిదే. ఎముకలు నేర్పినవాడు దుప్పట్లు ఉతికినవాడి తరువాత కూడా గుర్తుకు రాకపోతే ఇక అక్కడ ఎందుకుండాలి? లేచి వచ్చేశాను. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి కూడా, మధ్యలో ఎందుకు లేచి వెళ్ళావని నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు. తరువాత మీ ఆయన పోయాక నువ్వు ఈ ఇంటికే వచ్చావు, పదిహేనేళ్ళుగా ఒకే బల్ల దగ్గర తింటున్నాం, అయినా ఆ మాట రాలేదు. ఇప్పుడు తప్పంతా నాదన్నట్టు గుమ్మంలో నిలబడి ఆ రోజూ అంతే అంటావా?

కనుక నా కోరిక ఒక్కటే. చిన్నదాని ముందు, ముఖ్యంగా బావగారి ముందు, అన్నయ్య నొక్కలేదు, పెట్టె చేసిన పని అని నీ నోటితో ఒప్పుకో. ఒప్పుకుని ఇంటికి రా. నేనేమీ ఎదురుచూడటం లేదు. వంట ఛానెల్ చూసి వండుకుంటున్నాను. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి తగినంత అంటారు. ఎంతో చెప్పకుండా తగినంత అనే మనుషులను టీవీలోకి ఎలా రానిస్తారో తెలియదు.

ఇట్లు,
న్యాయం తప్ప మరేమీ అడగని
నీ అన్నయ్య

తా.క. ఈ ఉత్తరం నిన్ననే కవరులో పెట్టి అంటించాను. ఈ పొద్దున కవరు చించి మళ్ళీ బయటికి తీశాను. తేదీ, రోజుల లెక్క మార్చాను. ప్రెస్సులో అక్షరాలు కూర్చిన ఫారం అచ్చు మెషీను ఎక్కాక తప్పు కనిపించినా ఆపించేవాణ్ణి, అందరూ తిట్టుకునేవారు. పైన రాసినదానిలో ఒక తప్పు ఉంది.

నొక్కింది నేనే. మూడుసార్లూ. రిమోట్ పేపరు కింద, నా ఒళ్ళో ఉంది.

మెకానిక్ రాసినది అబద్ధం కాదు. అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు. పెట్టె దానంతట అది తిరగకుండా రెండో వారంలోనే ఆపేశాను. మీటను అయిదు సెకన్లు నొక్కిపట్టమని అతనే ఫోనులో చెప్పాడు. నీకు చెప్పలేదు. ఆ సోమవారం అతను పెట్టె చూసి, ఇది ఆపేసే ఉంది కదా తాతగారూ అన్నాడు. అడిగినదానికే రాయి అన్నాను.

ఆ పంతొమ్మిది పేర్లూ నా ఇంట్లో, తొమ్మిది మంది వింటుండగా మళ్ళీ వినడం నావల్ల కాదనిపించింది. లాండ్రీ అతని దాకా రానివ్వకూడదనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం చూస్తే క్యాసెట్టు వీసీఆర్‌లోనే ఉంది. కేసుకు పనికొస్తుందని రెండో నంబరు నొక్కి కూర్చున్నాను. లాండ్రీ అతని పేరు వచ్చింది. చప్పట్ల మధ్య ఒక వీపు తెరకు అడ్డంగా వెళ్ళింది. అది నాది. నా వీపు ఇంత వంకరగా ఉంటుందని తెలియదు. ఆ తరువాత ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు.

నువ్వు, ఇంకొక్కరే ఉన్నారు, వారిని చివరికి ఉంచుకున్నాను అన్నావు. పక్కన పెట్టుకున్న ఇంకో కాగితం తీశావు. రెండు వైపులా రాసి ఉంది. కళ్ళద్దాలు సరిచేసుకుని ముందు వరుస వైపు చూశావు. కెమెరా అతను కూడా అటు తిప్పాడు. మూడో కుర్చీ ఖాళీ. అందులో ఆహ్వానపత్రం, దాని మీద నా పెన్సిలు దిద్దుబాట్లు. మా అన్నయ్య బయటికి వెళ్ళినట్టున్నాడు, వచ్చేస్తాడు, ఒక్క నిమిషం ఆగుదాం అన్నావు. ఆగావు. ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ జరిపారు. నువ్వు తలుపు వైపే చూస్తున్నావు. రెండోసారి గడియారం పెట్టుకుని చూశాను, నిమిషం నలభై సెకన్లు. తరువాత కాగితం మడిచి, సెలవు అని కూర్చున్నావు. ఆ నిమిషం నలభై సెకన్లూ నేను బస్‌స్టాపులో నిలబడి నిన్ను తిట్టుకుంటున్నాను.

నువ్వు ఆ తొమ్మిది మందితోపాటు నాకూ అది చూపించాలనే పెట్టావేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. అయితే ఆ మాట ముందే నాకు చెప్పి ఉండాల్సింది. చెప్పినా వినేవాణ్ణి కాననుకో.

ఆ తొమ్మిది మందినీ మళ్ళీ పిలువు. నొక్కింది నేనని వాళ్ళకు నేనే చెబుతాను. బావగారికి కూడా చెబుతాను, కానీ ఫోనులో చెబుతాను, ఎదురుగా ఆ ముఖం చూస్తూ చెప్పలేను.

ఆ కాగితం దాచి ఉంటే తీసుకురా. పారేసి ఉంటే గుర్తున్నంతవరకే చెప్పు. నేను కూర్చుని వింటాను. నువ్వు చాలనేదాకా లేవను.