అమ్మాయి పేరున్న ఖాతా

తమ్ముడూ,

బాగున్నామని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ మాట వదిలేసి విషయంలోకొస్తున్నాను.

అమ్మాయి పోయాక కూడా, అది అల్లి అమ్మిన ఊలు టోపీలు కావాలని ఫోన్లో అడుగుతూనే ఉన్నారు. నేనే అల్లి పంపుతున్నాను. డబ్బు మాత్రం దాని ఖాతాలోకే పడుతోంది. మొన్న ఎవడో డబ్బు వేస్తానని, ఫోనుకొచ్చిన కోడ్ అడిగితే చెప్పేశాను. ఖాతా ఊడ్చేశాడు. ఏడుపు కూడా రాలేదురా.

ఫోన్లో డబ్బు కట్టించుకోడానికి మంచి కంపెనీ చూసుకోమని మూడు పేర్లు చెప్పావు కదా. నాకేం తెలుసు, మూడింటికీ ఫోన్ చేశాను. రెండింట్లో పాట పెట్టి కూర్చోబెట్టారు. మూడోదాంట్లో ఒక పిల్ల పలికింది. "కోడ్ ఎవరడిగినా చెప్పకండమ్మా, రేపు నేనే అడిగినా సరే" అంది. కమిషన్ కాస్త ఎక్కువే. అయినా అదే ఖాయం చేశాను.

ఇన్నాళ్లూ డబ్బు కట్టేవాళ్లకి అమ్మాయి పేరు కనపడేది. ఆ పేరే ఉంచమని అడిగాను. "పోయినవాళ్ల పేరున నడపకూడదమ్మా, పాతది మూసెయ్యాలి" అంది. మూయడానికి మరణ పత్రం కావాలట.

అది ఆ రోజు నువ్వే తీసుకెళ్లి నీ బీరువాలో పెట్టావు. నేనూ అడగలేదు, నువ్వూ ఇవ్వలేదు. ఇప్పుడు పంపు.

అక్క