గూట్లో దాచిన సగం మందు

బల్మూర్,
14 ఆగస్టు 2024

అయిజలో చిన్నత్త ఇంట్లో ఉన్న నాయినకు,

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని, అక్కడ అందరూ బాగున్నారని తలుస్తూ వర్ష నమస్కరించి రాసేది. ఫోన్ చేస్తే "అత్తతోని మాట్లాడు" అని ఇచ్చేస్తావు. అందుకే ఈ కాగితం.

చదువుకున్న పిల్లకు పేడ వాసన పడదని అత్తకు చెప్పావట. చెప్పుకో. కాని మన వాడలోని ఈదమ్మ ఆవు పొదుగు చెడింది నా వల్లేనని వాడంతా అంటుంటే ఊరుకున్నావు చూడు, అది మాత్రం మింగుడుపడలేదు. "మొగుడు పోయినంక గా ఆవే నాకు దిక్కు. నీ బిడ్డ శీషల పాలు పట్టుకపోయినంకనే దాని పొదుగు రాయైందన్నా" అని ఆమె మన గడపలో కూర్చుని ఏడ్చింది. నువ్వేమో "పట్నం చదువులు, ఏం జెయ్యాలె ఈదమ్మా" అన్నావు. కీడు పోవాలని అమ్మ నా చేతుల మీద పసుపునీళ్లు పోసింది.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టే పొదుగువాపు సూక్ష్మజీవుల మీద. పరీక్షకని చిన్న శీషలో పాలు పడితే పొదుగు చెడదు నాయినా. మన ఎర్రావుకు వాపు వచ్చినప్పుడల్లా మందు ట్యూబు సగమే చనులోకి ఎక్కించి, మూత పెట్టి, కొట్టం గూట్లో దాస్తావు. "మందు ఎక్కువైతే పాలు గుంజుకపోతయ్" అంటావు. వాడలో వాళ్లు "డాక్టర్ సాబ్" అంటే మీసం దువ్వుకుంటావు.

సగం మందుకు ఆ సూక్ష్మజీవుల్లో బలం లేనివి చస్తాయి. మందును విరగ్గొట్టే జన్యువున్నవి ఒకటో రెండో మిగులుతాయి. ఇక పొదుగంతా వాటిదే. ఆ జన్యువును అవి దాచుకోవు కూడా. మన వాడలో ఒక్క కొడవలి ఇల్లిల్లూ తిరిగినట్టు పక్కవాటికి ఇచ్చేస్తాయి. తేడా ఒక్కటే, ఇచ్చినదాని దగ్గరా కొడవలి మిగిలే ఉంటుంది.

ఈదమ్మ ఆవుకు కొంచెం వాపు కనిపిస్తే పాలు పట్టుకుని, పశువుల దవాఖానకు తోలుకుపొమ్మన్నాను. నువ్వు అడ్డం వచ్చావు. "గంత దూరమెందుకు, నేను లేనా?" అని, ఎర్రావు చనులో పెట్టిన ఆ ట్యూబునే తీసుకెళ్లి మిగిలిన సగం ఎక్కించావు. తర్వాత ఏ మందూ పనిచేయలేదు. అప్పుడు రెండు ఆవుల పాలూ మళ్లీ పట్టి మా కాలేజీ ల్యాబులో చూశాం. ఒకే సూక్ష్మజీవి, ఒకే జన్యువు.

ఆ సంగతి చెప్తే నువ్వేమన్నావో గుర్తుందా? "గట్లయితే రోగం వాళ్ల కొట్టంలకెల్లే మనకొచ్చింది. వాళ్ల శుభ్రం నాకు తెల్వదా!" అమ్మ తలూపింది. ఏ కొట్టం నుంచి ఏ కొట్టానికి పోయిందో ఆ రోజుకు నాకింకా తేలలేదు. బస్సెక్కి వెళ్లిపోయాను. అది నా తప్పు ఒప్పుకోవడమని మీరనుకున్నారు.

అత్తకు నా నమస్కారాలు చెప్పు.

నీ బిడ్డ,
వర్ష

మరిచిపోయి కాదు, కావాలనే చివరికి ఉంచిన మాట: మీరంతా తిట్టుకున్న ఆ మొదటి శీష, నువ్వు ట్యూబు ఎక్కించకముందు ఈదమ్మ ఆవు నుంచి పట్టింది, ల్యాబు ఫ్రీజర్లోనే ఉంది. మొన్న పరీక్షించాను. అందులో ఉన్నది వేరే సూక్ష్మజీవి. ఆ జన్యువు దానిలో లేదు, మామూలు మందుకే చచ్చింది. మందుకు లొంగని రోగం మన కొట్టం నుంచే పోయింది, నీ చేత్తో. ఈ మాట ఈదమ్మకు ఆమె వాకిట్లోనే చెప్పాను. ఆమె "మీ నాయినకు ఎరికేనా?" అని మాత్రం అడిగింది. ఉత్తరం రాస్తానన్నాను.

నా పెళ్లికి అరణమిస్తానని, అది నాదేనని పదిమందిలో నువ్వన్న నల్లపెయ్య ఇప్పుడు చూడితో ఉంది. దాని పొదుగును నీ ట్యూబు ఇంకా ముట్టలేదు. పొద్దున తోలుకెళ్లి ఈదమ్మ కొట్టంలో కట్టేశాను. అది ఇక ఆమెది.