మగాడికి రక్తం తక్కువేంటి

మంగళవారం

గుంటూరులో రిపోర్టు చూసిన డాక్టరు మా ఆయన్ని వదిలేసి నన్ను అడిగాడు. "ఏడాదిగా ఐరన్ మాత్రలు మింగుతున్నారు కదమ్మా. అయినా రక్తం పెరగకపోతే, అదంతా ఎటు పోతోందని ఒక్కరూ చూడలేదా?" పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ. అందులోంచే కొద్దికొద్దిగా కారిపోతోందట. ఇప్పుడు లివరుకి కూడా పాకింది.

చూడలేదు. దొడ్డికి నల్లగా వస్తోందంటే మాత్రల వల్లేనన్నాను. ఎర్రగా కనబడిందంటే, "పండుమిరపకాయల కొరివికారం అంతంత తింటే రాదా మరి" అన్నాను. మా ఇంట్లో ఎవరికి ఏం వచ్చినా తప్పు కారానిదే.

మొన్న మిరప కోతల్లో ఆయన ఆయాసంతో గట్టు మీద కూలబడితే, కూలీలందరి ముందూ నవ్వాను. "మగాడికి రక్తం తక్కువేంటండీ, మీకూ నెలనెలా పోతోందా ఏంటి?" ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన లేచి మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు.

ఇవాళ ఇంటికొచ్చే బస్సు నల్లపాడు దాటింది. ఆయన నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"డాక్టరు కన్నా ముందు నువ్వే కనిపెట్టావే. అప్పుడు నవ్వకుండా చెప్పుంటే బావుండేది."