వేరే మొహంతో వచ్చే రాణి

వదినా,

ఉట్నూర్ బస్సుకు టైమైంది, నిన్ను లేపకుండానే వెళ్తున్నాను. పప్పు వండిపెట్టాను, అన్నం ఒక్కటి పెట్టుకో. కంట్లో చుక్కలు మరిచిపోకు. పడుకునేటప్పుడు ఆ కన్ను మూసి టేప్ వేసుకో. మూతి వంకర మెల్లగా సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది కదా, ఫికర్ చేయకు.

మన కొరియా సీరియల్ రెండో సీజన్ ఈ రోజే మొదలు. నేను పోయే ఊళ్లో సిగ్నల్ ఉండదు. నువ్వు చూసి, నేను రాగానే మొత్తం చెప్పాలి. మొదటి సీజన్ చివర నదిలో మునిగిన రాణి ఇప్పుడు వేరే మొహంతో తిరిగొస్తుందట. నటిని కూడా మార్చారట. మరి రాజు ఆమెను ఎట్లా గుర్తుపడతాడు? గొంతును బట్టా, నడకను బట్టా? లేక రాణే చెప్పుకుంటుందా? నిన్నటి నుంచి నాకు అదే ఆలోచన. నువ్వేమో "గుర్తువట్టడు, సూడు" అని అటు తిరిగి పడుకున్నావు.

ఇంకో మాట. నిన్న మస్కట్ నుంచి అన్న నాకు ఫోన్ చేశాడు. "మీ వదిన నెల సంది కెమెరా ఖరాబైందంటున్నది, నిజమేనా?" అని అడిగాడు. నాకు అబద్ధం రాలేదు. నీ మొహానికి పక్షవాతం వచ్చిందని చెప్పేశాను. నామీద కోపం చేసుకో, ఫరవాలేదు. మొహం ఎట్లా ఉందని అన్న అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "నొస్తున్నదా ఆమెకు?" అన్నాడు.

నవనీత

సాయంత్రం వీడియో కాల్ చేస్తాడట. ఎత్తు వదినా.