తోక మీది పాలపిట్ట

బొంబాయి, సెప్టెంబరు 1962

ప్రియమైన తారకు,

మా స్టూడియోకు ఒక విమాన కంపెనీ పని వచ్చింది. కొత్త జెట్ విమానాల తోక మీద వేయడానికి గుర్తు కావాలట. అందరూ గద్దలు, హంసలు గీశారు. నేను మన ఎడపల్లి చెరుకు తోటల మీద తిరిగే పాలపిట్టను గీశాను. స్టూడియో సేఠ్‌కు నచ్చింది. కంపెనీ ఒప్పుకుంటే ఉండడానికి గది ఇస్తానన్నాడు. గది దొరికిన రోజే నిన్ను తీసుకొస్తాను. అప్పటిదాకా అమ్మతో సర్దుకో.

నీ రామ్‌దాస్

ఎడపల్లి, దసరా మరునాడు

ప్రియమైన మీకు,

మీ పేరు పలికినా, రాసినా అత్తమ్మ ఊరుకోదు. కవరు మీద కూడా టపా తెచ్చే ముత్తన్న చేతే రాయిస్తున్నాను.

నిన్న జమ్మి దగ్గర శకునానికి చూద్దామన్నా పాలపిట్ట ఒక్కటీ కనబడలేదు. పిట్టలు పట్టే కొమురయ్య పంజరంలో ఒకదాన్ని పట్టుకొచ్చి చూపించాడు. అందరూ మొక్కారు. అది రెక్క విప్పబోయి ఊచలకు కొట్టుకుంది. నాకు మొక్కబుద్ధి కాలేదు.

మీరు పోయాక ఇది మూడో దసరా. బోధన్ అంగడికి పోతానన్నా అత్తమ్మ "మొగడు ఊళ్లె లేనప్పుడు గడప దాటుడేంది" అంటుంది. ఆమె చెడ్డది కాదు, భయం. ఆ భయంలో నేను బతకాల్సి వస్తోంది. గది సంగతి రాయండి.

మీ తార

బొంబాయి, ఆగస్టు 1963

ప్రియమైన తారకు,

మన పిట్ట గెలిచింది. విమానం తోక మీద, టికెట్ మీద, చాయ్ కప్పు మీద అదే. కింద పేరు మాత్రం సేఠ్‌ది. జెట్ రెక్కలు ఆడవు కదా అని పిట్ట రెక్కలు కూడా బిర్రుగా చేయించాడు. పొద్దంతా స్కేలు పెట్టి అదే గీస్తున్నాను. వేరే బొమ్మ ఇవ్వడు, సెలవు ఇవ్వడు, గది మాటెత్తితే వచ్చే ఏడు అంటాడు. ఇంకోచోట పని అడిగితే ఇంతకు ముందు ఏం గీశావంటారు. నాదని ఏం చూపను?

ఆ పిట్ట బొమ్మ వేసిన కంపెనీ వాళ్ల సంచి ఒకటి పంపుతున్నాను. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు.

నీ రామ్‌దాస్

ఎడపల్లి, దసరా మరునాడు

ప్రియమైన మీకు,

ఈసారి కొమురయ్యకు కూడా పిట్ట దొరకలేదు. అత్తమ్మ మీ సంచి తెచ్చి అరుగు మీద పెట్టింది. వాడకట్టంతా వచ్చి దానికే మొక్కారు. పక్కింటి అంజవ్వ బొమ్మ రెక్క తడిమి "గిదేంది బిడ్డా, ఎండవెట్టిన పిట్ట తీరుగున్నది" అంది. అందరూ నవ్వారు. నాకు మీరే కళ్ల ముందు మెదిలి ఏడుపొచ్చింది.

రాత్రి ఆ సంచిలోనే రెండు చీరలు సర్దుకున్నాను.

"వాడు రమ్మనలే గదనే" అంది అత్తమ్మ.

"రమ్మనడు" అన్నాను.

ఆమె లేచి, దారిలో తినడానికి రొట్టెలకు పిండి కలిపింది. "గది లేకుంటె చెట్టు కింద ఉండుండ్రి, ఇద్దరు ఒక్కకాడ ఉండుండ్రి" అంది.

వచ్చే శుక్రవారం నిజామాబాద్‌లో రైలెక్కుతాను. మన్మాడ్‌లో బండి మారాలట. సేఠ్ సెలవివ్వక మీరు స్టేషనుకు రాలేకపోతే దిగులు పడకండి. మీ పేరు నోటితో పలకను కాబట్టి, సంచి చూపించి అందరినీ అడుగుతాను:

"గీ పిట్టను గీసినాయన ఏడుంటడు?"

మీ తార