చిత్రిక మిషను కార్బన్లు

కోరుకొండ,
18-5-1984

శ్రీవారికి లోవలక్ష్మి నమస్కారాలు. అత్తయ్య గారి మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం కులాసా. మస్కట్ ఎండలకు మీరు తట్టుకుంటున్నారంటే నాకదే పదివేలు.

మీరు అక్కణ్ణుంచి పంపిన చిత్రిక మిషను ఆగిపోతే అమ్మేయమని రాశారు. అమ్మలేదు. అప్పటికి బంగార్రాజు గారి కొత్త ఇంటికి ఇంకా ఎనిమిది తలుపులు చిత్రిక పట్టాలి. గృహప్రవేశం పది రోజుల్లోకి వచ్చింది. ఆలస్యమైతే కలప వేరేవాళ్లకు తోలించేస్తానన్నారాయన. ఆ కలప మన షెడ్డు దాటితే ఊళ్లో మన పేరూ దాంతోపాటే పోతుంది.

లోపల మోటారుకు కరెంటందించే బొగ్గు ముక్కలు, అవే కార్బన్లు, అరిగిపోయాయని కరెంటు మేస్త్రి తేల్చాడు. అరిగిన ముక్క కొంగున కట్టుకుని రాజమండ్రి వెళ్లాను. నాలుగు కొట్లు తిరిగితే ఒకచోట అచ్చం దాని కొలతకే కోసి ఇచ్చారు. ఇంటికొచ్చి బిగిస్తే మిషను ఉలకదు, పలకదు. మర్నాడు మళ్లీ బస్సెక్కాను. మోటారు సామాన్ల కొట్టు జోగేశ్వరరావు గారని ఒక పెద్దాయన ఆ ముక్క చూసి నవ్వారు.

"అరిగినదాని కొలతకి కొంటే అరిగినదే వస్తుందమ్మా. మిషను తీసుకురండి" అన్నారు. నా తెలివి తెల్లారినట్టే ఉందని నాకూ నవ్వొచ్చింది.

మూడో రోజు మిషనును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ఆ విదేశీ నంబరు కార్బన్లు మద్రాసులో కూడా దొరకవట. ఆయన ఓపిగ్గా కార్బన్ కూర్చునే గూడు వెడల్పూ మందమూ కొలిచి, పెద్ద మిషను కార్బన్లు తెచ్చి గరుకు కాగితం మీద అరగదీసి అందులో దించారు. అరిగేది పొడవేనట, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. స్విచ్చి వేస్తే రయ్యిమంది. వడ్రంగి మేస్త్రి గారు కూడా వచ్చుంటే చెక్క మీద నడిపి చూసేవారు కదా అన్నారు.

నేనే నడిపి చూశాను.

ఇన్నాళ్లూ దాచాను, కోప్పడకండి. మీ తమ్ముడు చినబాబు ఉగాదికి ముందే కడియం వెళ్లి మొక్కల లారీ మీద పనికెక్కాడు. అప్పటినుంచి మిషనుతో చిత్రిక పడుతున్నది నేనే. కిటికీల్లో చినబాబు పనితనం బాగుందని ఊరివాళ్లు మీకు రాశారన్నారే, ఆ కిటికీలు నావే. భయపడతారని చెప్పలేదు. వేళ్లు పదీ ఉన్నాయి.

ఎనిమిది తలుపులూ ఆరు రోజుల్లో తేల్చాను. నిన్న గృహప్రవేశంలో వడ్రంగి మేస్త్రికి బట్టలు పెట్టే వేళ, బంగార్రాజు గారి తల్లి సంపూర్ణమ్మ గారు పళ్లెంలో పంచెలచాపు చూసి, "ఇదేంటిరా, మేస్త్రి ఆవిడైతేను" అని లోపలికి వెళ్లారు. తన పెట్టెలోంచి పట్టుచీర తెచ్చి, అందరి ఎదుటా నన్ను మేస్త్రీ అని పిలిచి పెట్టారు. అదే కట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
మీ ఇల్లాలు,
లోవలక్ష్మి మేస్త్రి