వాగు ఇవతల పోసిన నీళ్ళు

జూలూరుపాడు దగ్గర,
ఆగస్టు 1984

సిస్టరక్కకు,

నీ ఉత్తరం అందింది. మఠం వదిలి పెళ్ళి చేసుకుని దేవుని పిలుపును కాలదన్నానని, ఇప్పుడేమో పక్కింటి ఆరోగ్యమ్మ బిడ్డకు తలమీద నీళ్ళు పోసి జ్ఞానస్నానమిచ్చి ఫాదర్‌గారి పని లాక్కున్నానని రాశావు.

ఆ రోజు వాగు పొంగి ఫాదర్‌గారి జీపు అవతలే ఆగిపోయింది. ఇవతల పసిబిడ్డకు ఎగశ్వాస పట్టింది. "నువ్వే నీళ్ళు పొయ్యక్కా, ఫాదర్ వచ్చేదాంక నా బిడ్డ ఆగదు" అంది ఆరోగ్యమ్మ. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా ఇవ్వొచ్చని చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే. మీ మరిది బిడ్డ తల పట్టుకుంటే, నాట్ల బురద కడుక్కున్న చేత్తోనే నేను పోశాను.

పిలుపును నేను కాలదన్నలేదు. పొయ్యి ముందు, పొలం గట్టు మీద మేమిద్దరం రోజూ ప్రార్థన చేసుకుంటాం. ఆ పిలుపు నాతోపాటే కాపురానికి వచ్చిందక్కా.

బిడ్డ బతికింది. ఆ స్నానం చెల్లదు, మళ్ళీ చేయిద్దాం తీసుకురమ్మన్నావు. తీసుకొస్తాను. ఫాదర్‌గారు పరిశుద్ధ తైలం పూయనీ, కాదనను. నీళ్ళు మాత్రం మళ్ళీ పోయనివ్వను, జ్ఞానస్నానం ఒక్కసారే. పోసిన చేయి నాదే గానీ, ఇచ్చింది దేవుడు.

నీ చెల్లెలు